చెవి కోసం కరెంటు స్తంభం!

పాట అదే. రికార్డూ అదే. వినే చెవులూ అవే. పెట్టె మాత్రం మారుతూ ఉంటుంది. స్పీకరు మార్చాక యాంప్లిఫయరు, అది మార్చాక తీగ, తీగ తరవాత... ఏకంగా ఇంటి ముందు కరెంటు స్తంభం! మంచి శబ్దం కోసం మనిషి ఎంతదూరం వెళ్తాడో చూడాలంటే జపాన్ వెళ్లాలి.

టోక్యోలో అకిహబరా స్టేషన్. 'ఎలక్ట్రిక్ టౌన్' అని రాసి ఉన్న గేటులోంచి బయటికొస్తే నెత్తిమీద రైలు పట్టాలు, వాటి కింద సన్నటి సందు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సిందే. అటూ ఇటూ అగ్గిపెట్టెల్లాంటి దుకాణాలు. ఒకదాంట్లో అన్నీ స్విచ్చులే. పక్కదాంట్లో ట్రాన్స్‌ఫార్మర్లు. మరోదాంట్లో పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులు. కిరాణా కొట్లో లవంగాలూ యాలకులూ పోసినట్టు చిన్నచిన్న డబ్బాల్లో కెపాసిటర్లు. కోఠిలో గుజరాతీ గల్లీ తిరిగినవాళ్లకి ఇదేమీ కొత్త ప్రపంచం అనిపించదు. శుభ్రం కాస్త ఎక్కువ, అరుపులు బాగా తక్కువ... అంతే.

కొనేవాళ్లలో జుట్టు నెరిసినవాళ్లే ఎక్కువ. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, గోరంత కెపాసిటర్‌ని వెలుతురుకు ఎత్తిపట్టి, దానిమీది అంకెలు చదువుకుంటూ ఉంటారు. ఇంట్లో యాంప్లిఫయరు చెడిపోయిందేమో అనుకుంటాం. అదేం కాదు, బ్రహ్మాండంగా పాడుతోంది. ఇది వేస్తే ఇంకాస్త బాగా పాడుతుందేమోనని!

ఈ సందు పుట్టింది కడుపు నింపుకోవడానికి. యుద్ధం ముగిసేసరికి టోక్యో బూడిదకుప్ప. తిండికే కటకట. అయినా జనానికి రేడియో కావాలి. దగ్గర్లో ఉన్న ఎలక్ట్రికల్ కాలేజీ కుర్రాళ్లు విడిభాగాలు కొని, రేడియోలు బిగించి అమ్ముకునేవారు. వాళ్ల కోసం కాండా ప్రాంతంలో రోడ్డు పక్కన విడిభాగాల అంగళ్లు వెలిశాయి. 1949లో అమెరికన్ సైన్యాధికారులు వీధి అంగళ్లన్నీ ఎత్తేయమన్నారు. వ్యాపారులంతా కలిసి మొరపెట్టుకుంటే అకిహబరాలో పట్టాల కింద చోటు దొరికింది. అలా మొదలైన వాటిలో ఒకటి 'రేడియో స్టోర్'. 64 ఏళ్లు నడిచి 2013లో మూతపడింది. పక్కనున్న రేడియో సెంటర్ లాంటివి మాత్రం అదే ఇరుకులో నెట్టుకొస్తున్నాయి.

ఆ దేశంలో తయారైన టేప్‌రికార్డర్ మన కరీంనగర్‌లోనో కోనసీమలోనో ఒకింటికి రావడమంటే ఒకప్పుడు పండగే. గల్ఫ్ నుంచి దిగినాయన సామాన్లలో నేషనల్ పానసోనిక్ టూ-ఇన్-వన్ ఉంటే వీధి వీధంతా ఆ ఇంటి అరుగు మీదే. పాడైతే బాగుచేయించేవారు. ఇంకా మంచిది కొందామన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. మరి అకిహబరా పెద్దాయనకు ఎందుకొస్తోంది?

దిగితే... అంతే!

పట్టాల కింది సందు దాటి రోడ్డు మీదికొస్తే అద్దాల భవనాల్లో ఆడియో షాపులు. కొన్నింటిలో మెట్లెక్కేకొద్దీ ధరలూ ఎక్కుతాయి. కింద జీతగాళ్లకు అందేవి. పైన సోఫా, మెత్తటి తివాచీ, మనిషంత ఎత్తు స్పీకర్లు, కారు ధర పలికే యాంప్లిఫయర్లు. కొనకపోయినా కూర్చుని వినొచ్చు. చిక్కంతా అక్కడే వస్తుంది. నచ్చిన రికార్డు పట్టుకొచ్చి, పాతికేళ్లుగా వింటున్న పాటని అక్కడ వింటాడు. వెనక ఎక్కడో వీణ తీగ మీద గోరు తగిలినంత చిన్న శబ్దం... ఇన్నాళ్లూ ఇంట్లో వినపడనిది వినపడుతుంది. ఇక ఆ రాత్రి ఇంటికెళ్లి అదే పాట పెట్టుకుంటే సగమే విన్నట్టుంటుంది. అప్పటిదాకా దాంతో హాయిగా ఉన్న మనిషే!

దీనికి జపాన్‌లో ఓ పేరుంది- 'ఆడియో నుమా'. నుమా అంటే బురదగుంట, ఊబి. కెమెరా లెన్సుల పిచ్చోళ్లదీ ఇదే మాట. కాలు పెట్టాక బయటపడటం ఉండదని వాళ్ల మీద వాళ్లే వేసుకునే జోకు. ఊబి ఎలా లాగుతుందో అనుభవించినవాళ్లకి తెలుసు. మంచి స్పీకర్లు కొంటే పాత యాంప్లిఫయరు లోపం బయటపడుతుంది. దాన్ని మారిస్తే రికార్డ్ ప్లేయర్ గరగర తెలుస్తుంది. అదీ మారిస్తే తీగల మీద అనుమానం. కొత్త పట్టుచీర కొన్నాక ఇంట్లో ఉన్న నగలు దానికి నప్పవనిపించడం లాంటిదే. మగవాళ్లు ఒప్పుకోరుగానీ!

డబ్బు సంగతీ ఉంది. జపాన్‌లో చాలా ఇళ్లలో జీతం భార్య చేతికి వెళ్తుంది. ఆవిడ నెలకింత అని భర్తకు చేతిఖర్చు ఇస్తుంది. దాన్ని 'ఒకొజుకాయి' అంటారు. అందులోంచే మధ్యాహ్నం భోజనం, ఈ పిచ్చీ రెండూ గడవాలి. అందుకే సెకండ్‌హ్యాండ్ షాపులకు అంత గిరాకీ. ఒకడు విసుగొచ్చి అమ్మేసిన యాంప్లిఫయరు ఇంకొకడికి కలల పంట. అతడూ రెండేళ్లకు తెచ్చి అదే షాపులో ఇస్తాడు. పైగా ఈ పెట్టెలతో ఓ సౌకర్యం ఉంది. అన్నీ నల్లగానో వెండిరంగులోనో ఒకేలా ఉంటాయి. కొత్తది వచ్చి పాతదాని చోట కూర్చున్నా ఇంట్లోవాళ్లు కనిపెట్టడం కష్టం.

అన్నీ మార్చాక మిగిలేది కరెంటు. వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నాలుగిళ్లకు లైను వస్తుంది. పక్కింటి ఫ్రిజ్, ఎదురింటి ఏసీ ఆ కరెంటును 'మురికి' చేస్తున్నాయని అనుమానం. అయితే మనకంటూ సొంత స్తంభం, సొంత ట్రాన్స్‌ఫార్మర్ వేయించుకుంటే? వేయించుకున్నారు కూడా! దాన్ని 'మై దెంచూ' అంటారు- అంటే 'నా కరెంటు స్తంభం'. 2016లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక ఇలాంటివాళ్ల మీద పెద్ద కథనమే రాసింది. అందులో ఒకరు ఎనభై దాటిన పెద్దాయన. స్తంభానికి అయిన ఖర్చు దాదాపు 10 వేల డాలర్లు.

నవ్వొస్తుందిగానీ, కరెంటుకీ పాటకీ సంబంధం ఉందన్న నమ్మకం జపాన్‌లో ఊరికే పుట్టలేదు. ఆ దేశంలో కరెంటు రెండు రకాలు. టోక్యో వైపు 50 హెర్ట్‌జ్, ఒసాకా వైపు 60. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో టోక్యో జర్మనీ జనరేటర్లు, ఒసాకా అమెరికా జనరేటర్లు తెచ్చుకోవడంతో వచ్చిన తంటా అది. ఇప్పటికీ కలవలేదు. పాత రికార్డ్ ప్లేయర్ల మోటారు వేగం ఈ హెర్ట్‌జ్‌ని బట్టే ఉండేది. టోక్యోలో నిమిషానికి 33 చుట్లు తిరిగే రికార్డు, లోపలి కప్పీ మార్చకుండా ఒసాకాలో పెడితే 40 చుట్లు తిరుగుతుంది. గంభీరమైన గొంతు చిన్నపిల్లాడి గొంతైపోతుంది. బదిలీ మీద వెళ్లేవాళ్లు కప్పీ కూడా మార్చుకోవాల్సి వచ్చేది. మోటారు విషయంలో నిజమైంది కాబట్టి మిగతా అన్నిట్లోనూ నిజమే అయ్యుంటుందని అనుకోవడం ఎంతసేపు?

చెవి ఒప్పుకుంటుందా?

మనిషి చెవి మహా అయితే 20 వేల హెర్ట్‌జ్ వరకూ వింటుంది. అదీ చిన్న వయసులో. యాభై దాటేసరికి చాలామందికి 12-14 వేల పైన నిశ్శబ్దమే. ఇక్కడో విచిత్రం ఉంది. బంగారు రంగులో మెరిసే 'హై-రెస్' ముద్ర వేయాలంటే ఆ పరికరం 40 వేల హెర్ట్‌జ్ దాకా పలకగలగాలని జపాన్ ఆడియో సొసైటీ నియమం. గబ్బిలాలు వినాల్సిన శబ్దం అది! మంచి పరికరం కొనే స్తోమత వచ్చేసరికి, దాని గొప్పతనం వినే చెవి సగం సెలవు తీసుకుని ఉంటుంది. ఆ పెద్దాయనలకు ఇది తెలియక కాదు. వాళ్ల పత్రికల్లోనే రాస్తుంటారు.

చెవికంటే ముందు కన్ను వింటుందని కూడా తేలింది. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే శబ్ద నిపుణులు 1994లో ఓ ప్రయోగం చేశారు. అవే స్పీకర్లను ఒకసారి ఎదురుగా పెట్టి, ఒకసారి తెర వెనక పెట్టి వినిపించి మార్కులు వేయమన్నారు. కనిపిస్తున్నప్పుడు పెద్దగా, ఖరీదుగా ఉన్నవాటికి మంచి మార్కులు పడ్డాయి. తెర అడ్డం వచ్చేసరికి ఆ తేడాలు చాలావరకూ కరిగిపోయాయి. అన్నట్టు ఇంకో కిటుకు... రెండిట్లో ఒకదాని సౌండు పిసరంత పెంచితే చాలు, అదే బాగుందంటారు. పెంచినట్టు కూడా తెలీదు.

అయితే అదంతా భ్రమేనా? పూర్తిగా అలా అనడం అన్యాయం. స్పీకర్ల మధ్య తేడాలు నిజం, గదిని బట్టి శబ్దం మారడం నిజం. ఇంకో నిజం కూడా ఉంది. కొత్త పెట్టె వచ్చిన రాత్రి అతడు టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి, తన దగ్గరున్న రికార్డులన్నీ మొదటి నుంచీ వింటాడు. ఇరవై ఏళ్లలో అంత శ్రద్ధగా ఎప్పుడూ విని ఉండడు. పాటలన్నీ కొత్తవైపోతాయి. మూడు వారాలకు చెవి అలవాటు పడుతుంది. పాట మళ్లీ పాతదవుతుంది. కావలసింది ఆ మూడు వారాలే. దాన్ని విడిగా అమ్మే దుకాణం అకిహబరాలో కూడా లేదు, అందుకని పెట్టె కొనుక్కుంటాడు.

అన్నీ పాతవే ఉన్నచోటు...

ఇదే టోక్యోలో షిబుయా కొండ సందుల్లో 'లయన్' అనే కాఫీ హోటలు ఉంది. 1926లో పెట్టారు. యుద్ధంలో తగలబడితే 1950లో మళ్లీ కట్టారు. లోపల మసక వెలుతురు. కుర్చీలన్నీ రైలు పెట్టెలో సీట్లలా ఒకేవైపు తిరిగి ఉంటాయి... రెండంతస్తుల ఎత్తున్న చెక్క స్పీకర్ల వైపు. కాఫీ చెప్పి కూర్చోవాలి. మాట్లాడకూడదు. అంతే. శాస్త్రీయ సంగీతం సాగుతూ ఉంటుంది. విదేశీ రికార్డు కొనడం మామూలువాళ్లకు అందని రోజుల్లో, కాఫీ డబ్బులతో బీథోవెన్‌ని వినిపించడానికి పుట్టిన హోటళ్లివి. ఇళ్లలోకి స్టీరియోలు వచ్చాక చాలావాటికి పని లేకుండా పోయింది. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అకిహబరాలో తీగ కోసం తిరిగేవాళ్లే ఇక్కడికొచ్చి, ఎన్నో ఏళ్ల పాత స్పీకర్ల ముందు కళ్లు మూసుకుంటారు.

టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో ఉత్తరంగా రెండు గంటలు వెళ్తే ఇచినొసెకి. ఆ చిన్న ఊరికి పేరు తెచ్చింది 'బేసీ' అనే జాజ్ కాఫీ హోటలు. షోజి సుగవరా 1970లో పాత గిడ్డంగిని బాగుచేసి పెట్టారు. కాలేజీలో డ్రమ్ములు వాయించిన మనిషి. అభిమానంతో ఎవరి పేరైతే పెట్టుకున్నారో ఆ అమెరికన్ వాద్యకారుడు కౌంట్ బేసీ స్వయంగా అక్కడికి వచ్చారు. సుగవరాదీ పిచ్చే, అందులో సందేహం లేదు. కాకపోతే దారి వేరు. జేబీఎల్ స్పీకర్లనే నమ్ముకుని, వాటిని మార్చి వేరేవి తేవడం మాని, దశాబ్దాలపాటు సర్దుతూ, సవరిస్తూ గడిపారు. 2020లో ఆయన మీద డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది.

ఇక ఊబిలో నిలువునా మునిగినవాళ్లకు గురువులాంటివాడు యసుసుకే గోమి. 1921లో పుట్టాడు. యుద్ధం తరవాత దరిద్రం అనుభవించాడు. 1953లో జపాన్‌లో పెద్ద గౌరవమైన అకుతగవా బహుమతి అందుకున్నాడు. కత్తి యుద్ధాల నవలలతో దేశమంతా పేరొచ్చింది. ఒకటి తొషిరో మిఫునే సినిమా కూడా అయింది. షించోషా ప్రచురణ సంస్థ సంపాదకుడు జుయిచి సాయితో ఇంట్లో మంచి పరికరం మీద పాశ్చాత్య సంగీతం విన్నాడట. అంతే, ఇక కుదురు లేదు. నవలల డబ్బు స్పీకర్లకూ యాంప్లిఫయర్లకూ పోసి, ఒకటి తెచ్చి ఒకటి తీసేస్తూ చివరికి 1964లో ఇంగ్లండ్ నుంచి టనాయ్ కంపెనీ 'ఆటోగ్రాఫ్' స్పీకర్లు తెప్పించుకున్నాడు. గది మూలల్లో నిలబెట్టే బీరువాలంతటివి. వాటి గురించి ఆయన రాసిన వ్యాసాలు చదివి అవే స్పీకర్లు కావాలని కలలుగన్నవాళ్లు ఎందరో. వెతికింది దొరికినట్టేగా? లేదు. ఏటా డిసెంబరులో జర్మనీ బైరూత్ సంగీతోత్సవం రేడియోలో వచ్చినన్ని రాత్రులూ టేపుల్లో పట్టేవాడు. మళ్లీ ఏడాది మళ్లీ పట్టేవాడు. 1980లో కేన్సర్‌తో పోయాడు. 58 ఏళ్లు.

ఆ సామాగ్రి ఇప్పుడు టోక్యో నెరిమా వార్డు కార్యాలయం చేతిలో ఉంది. మన దగ్గరైతే తూకానికి వెళ్లేదేమో! వాళ్లు బాగుచేయించి, ఆయన రికార్డులనే ఆయన స్పీకర్ల మీద జనానికి వినిపించే కార్యక్రమాలు పెడుతున్నారు. ఎవరూ ఏదీ మార్చకూడదు, అదే నియమం. మ్యూజియం వస్తువు కదా. వచ్చినవాళ్లు గంటన్నర కదలకుండా వింటారు. ఆఖరి రికార్డు ఆగి చప్పట్లు అయ్యాక, కొందరు మెల్లగా ముందుకెళ్లి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, యాంప్లిఫయరులో ఏ కంపెనీ వాల్వులు వేశారా అని వంగి చూస్తారు.