సేంద్రియ పంది మాంసం: ముందు దాణా లెక్క చూడండి

సీమపందుల మాంసాన్ని సేంద్రియం అని అమ్ముకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. ముందు ఒక లెక్క చూడండి. పంది కిలో బరువు పెరగాలంటే మూడు కిలోల పైనే దాణా తింటుంది. 80 కిలోలకి వచ్చేసరికి సుమారు రెండున్నర క్వింటాళ్లు. ఒక ఈతలో పది పిల్లలు బతికితే పాతిక క్వింటాళ్లు, తల్లి తిండి వేరే. అదంతా మందులు కొట్టని పంటే కావాలి. మీ ఎకరం మొక్కజొన్న ఎంత దిగుతుందో మీకు తెలుసు కదా. అందుకే నేను రెండు తల్లులు దాటలేదు.

"హోటల్ ఎంగిలి చవకగా వస్తుంది కదన్నా" అంటారు. అది తిన్నదాన్ని సేంద్రియం అనడం కొనేవాణ్ణి మోసం చెయ్యడమే. పైగా అందులో సరిగ్గా ఉడకని పంది ముక్క ఒక్కటున్నా ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ రావచ్చు. 2020లో అస్సాం వైపు మన దేశంలో మొదటిసారి బయటపడిన జబ్బు అది. మందు లేదు, దొడ్డికి దొడ్డే ఖాళీ అవుతుంది.

నేను పెట్టేది మొక్కజొన్న, నూకలు, తవుడు, గానుగ చెక్క, పైన చిలగడదుంప తీగ. చెక్కకి బూజు కనిపిస్తే పారెయ్యండి. చూడి పందికైతే అసలు చూపించొద్దు.

ఎద 21 రోజులకోసారి వస్తుంది. నడుము మీద చేత్తో నొక్కితే కదలకుండా నిలబడిందా, మగపందితో కట్టించాల్సింది అప్పుడే. తేదీ గోడ మీద రాసుకోండి. 114 రోజులకి అటూఇటూగా ఈనుతుంది, ఇంకో ఎనిమిది వారాలకి పిల్లలకి పాలు మాన్పిస్తాం. అక్కణ్ణుంచే దాణా బస్తాలు కరిగిపోతాయి. అందుకని మొక్కజొన్న కోతకి ఐదున్నర నెలల ముందు కట్టిస్తాను.