తప్పు మనది కాకపోయినా తిరగాల్సింది మనమే

మా ఇంట్లో కూరగాయల లెక్క నాది, కాగితాల లెక్క మా వారిది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, కారు ఇన్సూరెన్సు అన్నీ ఆయన బీరువాలో నీలం ఫైలులో ఉంటాయి. ఈ ఏడు మాత్రం ఆ ఫైలు రెండు నెలల పాటు నా హ్యాండ్‌బ్యాగులోనే తిరిగింది. మా వారు ఉద్యోగం మీద రాయ్‌పూర్‌లో ఉన్నారు. కారు నడిపింది నేను, పక్కన కూర్చున్నది అత్తయ్య. ఇక ఎవరు తిరుగుతారు చెప్పండి?

విజయవాడలో రామవరప్పాడు రింగు దగ్గర ఎర్ర లైటు పడితే ఆగాను. వెనక వస్తున్న కారు ఆగలేదు. మా డిక్కీ లోపలికి నొక్కుకుపోయింది, వెనక అద్దం పొడి పొడి అయింది. అత్తయ్య చెయ్యి డ్యాష్‌బోర్డుకి కొట్టుకుని మణికట్టు దగ్గర ఎముక సన్నగా చిట్లింది.

ఆ కారు నడిపిన అబ్బాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. వణికిపోతున్నాడు. కాసేపటికి వాళ్ళ బాబాయి వచ్చి, "కేసులూ గీసులూ ఎందుకమ్మా, పదివేలు ఇస్తాం, షెడ్డులో బాగు చేయించుకోండి" అన్నాడు. డిక్కీ తెరుచుకోకుండా, అత్తయ్య చెయ్యి వాచిపోతుంటే, పదివేలో లక్షో అక్కడ ఎవరికి తెలుస్తుంది? నేను 112కి ఫోన్ చేశాను. పోలీసులు వచ్చేలోగా రెండు కార్లకీ నాలుగు వైపులా ఫోటోలు తీశాను. నంబరు ప్లేట్లు, పగిలిన ముక్కలు, ఆ అబ్బాయి లైసెన్సు, ఆర్‌సీ, పాలసీ కాగితం అన్నీ ఫోనులోకి ఎక్కించాను. తర్వాత అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇన్సూరెన్సు కంపెనీకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకున్నాను.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, గుద్దినవాళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేసుకోవడం. రెండోది, మన సొంత పాలసీ మీద బండి బాగు చేయించుకోవడం. ట్రిబ్యునల్ అంటే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. బండి లేకపోతే అత్తయ్యని కట్టు మార్పించడానికి తీసుకెళ్ళేదెలా? అందుకని కారుకి మా పాలసీయే వాడాను. దాంతో మా నో క్లెయిమ్ బోనస్ పోయింది. నాలుగేళ్ళు క్లెయిము లేకుండా ఉంటే 45 శాతం వచ్చింది, వచ్చే ఏడు 50 అయ్యేది. ఇప్పుడు మళ్ళీ సున్నా నుంచి. తప్పెవరిదని ఈ లెక్కలో ఎవరూ అడగరు. ఒళ్ళు మండింది కానీ, బోనస్ వల్ల మిగిలేది నాలుగైదు వేలు, బాగుచేతకి అయ్యేది 74,000. కాగితం మీద వేసి చూసుకున్నాక మనసు కుదుటపడింది.

అసలు ఓపిక కావాల్సింది ఆ తర్వాతే. గ్యారేజీలో ప్రతిసారీ, "సార్‌తో ఒకసారి మాట్లాడించండి మేడమ్" అనేవారు. పాలసీ మా వారి పేరున ఉంది కాబట్టి ఆయన చేత ఒక ఉత్తరం రాయించి, సంతకం పెట్టించి తెప్పించుకున్నాను. మూడోసారి అడిగినప్పుడు ఆ ఉత్తరం బల్ల మీద పెట్టి, "సార్ రాయ్‌పూర్‌లో ఉన్నారు, నేను ఇక్కడున్నాను, చెప్పండి" అన్నాను. మళ్ళీ అడగలేదు.

సర్వేయరు వచ్చి చూసి వెళ్ళాక కంపెనీ 54,700కే ఒప్పుకుంది. మాది జీరో డిప్రీసియేషన్ పాలసీ. 1,000 రూపాయల తప్పనిసరి కోత, నట్లూ బోల్టులూ గ్రీజులాంటి వాటికి 1,800 పోతాయని ముందే తెలుసు. మిగతా 16,500 ఏమిటని అడిగితే, వెనక ప్యానెల్ దెబ్బ పాతది అన్నారు! సర్వేయరు రిపోర్టు కాపీ అడిగి తీసుకోవడం మన హక్కు. తీసుకున్నాను. నేను రోడ్డు మీద తీసిన ఫోటోలు, అంతకు రెండు నెలల ముందు సర్వీసింగులో వాళ్ళే రాసిచ్చిన చెకింగు కాగితం జతచేసి, "ఏ ఆధారంతో పాతదన్నారో రాతపూర్వకంగా చెప్పండి" అని మెయిల్ పెట్టాను. ఫోన్లో అరిచి ఉంటే ఏమయ్యేదో గానీ, మెయిల్‌కి పన్నెండో రోజున జవాబు వచ్చింది. 71,200 ఇచ్చారు.

ఇవ్వకపోయి ఉంటే ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళేదాన్నే. మన రెండు రాష్ట్రాలకీ హైదరాబాదులో ఆఫీసుంది. కంపెనీకి ఫిర్యాదు చేసి 30 రోజులు దాటినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అక్కడికి రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

బండి ఇచ్చేటప్పుడు "పనితో తృప్తిగా ఉన్నాం" అనే కాగితం మీద సంతకం అడుగుతారు. డిక్కీ పదిసార్లు తెరిచి మూసి, వెనక సీటు బెల్టులు లాగి చూసి, లైట్లు వేయించి చూసి, అప్పుడు పెట్టాను. ఆ కుర్రాడు నవ్వుకున్నాడు. నవ్వుకోనీండి.

ఇక అత్తయ్య చెయ్యి సంగతి. దెబ్బలకి గుద్దిన బండి థర్డ్ పార్టీ పాలసీ నుంచే రావాలి. 1988 మోటారు వాహనాల చట్టం ఆ పాలసీ ప్రతి బండికీ తప్పనిసరి చేసింది. మనం ఉండే ఊళ్ళోని ట్రిబ్యునల్లోనే దరఖాస్తు వేసుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి బిల్లులు, ఎక్స్‌రేలు పెట్టి వేశాం. అత్తయ్య మొదట్లో, "కుర్రాడి జీవితం పాడవుతుందేమోనమ్మా" అన్నారు. వాళ్ళమ్మగారు కూడా ఒక రాత్రి ఫోన్ చేసి ఏడ్చారు. ఆవిడతో ఇదే చెప్పాను: "మీ అబ్బాయి మీద పగ కాదండీ. మీరు ఏటా ప్రీమియం కట్టింది ఇలాంటి రోజు కోసమే. లైసెన్సూ పాలసీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి మా అత్తయ్యకి ఇవ్వాల్సింది కంపెనీ ఇస్తుంది, మీ జేబులోంచి కాదు." ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అత్తగారు అన్నం తానే కలుపుకుంటున్నారా?" అని అడిగారు.

లేదండీ, ఇంకా నేనే కలిపి పెడుతున్నాను, అన్నాను. కిందటి వారం నుంచి అత్తయ్య ఎడమ చేత్తో స్పూను పట్టుకుని, కుడి చేతి వేళ్ళతో మెత్తని బంతి నొక్కుతూ వ్యాయామం చేస్తున్నారు. ట్రిబ్యునల్ వాయిదా వచ్చే నెల. ఆరోజు నాతో తానూ వస్తానంటున్నారు, "నా చెయ్యి గురించి నేనే చెప్పుకుంటా" అని.