ఎనభై శాతం దేంట్లో?

నాంపల్లి స్టేషన్ దగ్గర మా టాక్సీ అడ్డాకు ఒక నోటుబుక్కు ఉండేది. పొద్దున వచ్చినవాడు వచ్చినట్టు అందులో బండి నంబరు రాసుకోవాలి. గిరాకీ వస్తే వరసలో పైనున్నవాడు పోతాడు. బుక్కు చాచా దగ్గర ఉండేది. ఆయన అసలు పేరు నాకు చివరిదాకా తెలియదు. అరవై దాటిన మనిషి, పాత అంబాసిడర్ నడిపేవాడు. ఎవడైనా వరస తప్పించి గిరాకీ ఎత్తుకుపోతే ఆ పూటకు వాడి నంబరు మీద గీత పడేది. "ఎందుకు కొట్టేసినవ్ చాచా?" అని అడిగితే ఎందుకో చెప్పేవాడు. గట్టిగా వాదిస్తే వినేవాడు. ఒక్కోసారి తనదే తప్పని ఒప్పుకుని మళ్లీ నంబరు రాసేవాడు కూడా.

నేను దేవరకొండ వైపు నుంచి 2001లో హైదరాబాద్ వచ్చాను. ముందు ఒక ట్రావెల్స్‌లో బండ్లు కడిగాను, తర్వాత స్టీరింగ్ పట్టాను. అప్పట్లో లైసెన్సు వచ్చిన ఏడాదికి గానీ ట్రాన్స్‌పోర్టు బండికి బ్యాడ్జి వచ్చేది కాదు. ఆ బ్యాడ్జి ఖాకీ చొక్కాకు పెట్టుకున్న రోజు మా అమ్మకు చూపించడానికి ఊరికి వెళ్లాను.

అడ్డా రోజులు మంచివని చెప్పడానికి ఇది రాయడం లేదు. మాకు మీటరు లేదు, బేరమే. మనిషి మొహం చూసి రేటు చెప్పేవాళ్లం. సంచులు ఎక్కువుంటే ఒక రేటు, వాన పడితే ఒక రేటు. ఒకసారి రాత్రి రెండు గంటలప్పుడు ఒకామె పిల్లవాణ్ణి భుజాన వేసుకుని స్టేషన్ బయటికి వచ్చింది. పిల్లల దవాఖానకు పోవాలి. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ముగ్గురం ఉన్నాం. ముగ్గురం నూటయాభై అన్నాం. అది మధ్యాహ్నం నలభై రూపాయల దూరం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనకుండా నడుచుకుంటూ వెళ్లిపోయింది. నేను బండి స్టార్ట్ చేసి వెనకాల వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. ఇరవై ఏళ్లవుతున్నా ఆమె నడక నాకు గుర్తుంది.

యాప్‌లు ఎందుకు గెలిచాయని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ సంగతే చెబుతాను. 2013, 2014ల్లో అవి నగరంలోకి వచ్చినప్పుడు రేటు ఎక్కే ముందే ఫోన్‌లో కనిపించింది. బండి నంబరు, డ్రైవరు ఫొటో ఇంట్లోవాళ్లకు పంపుకోవచ్చు. అర్ధరాత్రి ఆఫీసు నుంచి వచ్చే ఆడపిల్ల "రాను" అనే డ్రైవర్‌తో పోట్లాడే పని లేదు. ఆ భద్రతను జనానికి మేం ఇవ్వలేదు. ఇవ్వవలసిన బాధ్యత ఉన్న నగరమూ మా చేత ఇప్పించలేదు.

అడ్డా వదిలింది మాత్రం యాప్ వల్ల కాదు, విమానాల వల్ల. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాశ్రయం శంషాబాద్‌కు పోయింది. పది కిలోమీటర్ల ట్రిప్పు ముప్పై అయింది. మరుసటి ఏడు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక రోజుకు మూడు ఎయిర్‌పోర్టు డ్యూటీలు చేయగలిగేవాణ్ణి. కంపెనీల పికప్ డ్రాప్‌లు, రేడియో క్యాబ్‌లు, అన్నీ చూశాను. 2015లో ఒక యాప్ కంపెనీ మనుషులు మా బస్తీకి వచ్చి టెంటు వేశారు. రోజుకు పన్నెండు ట్రిప్పులు కొడితే ఇన్సెంటివ్ ఇంత, నెలకు ఇంత మిగులుతుంది అని కాగితం మీద లెక్క వేసి చూపించారు. అప్పు చేసి డిజైర్ కారు కొన్నాను. నెలకు 13,400 కిస్తీ, అరవై నెలలు. మొదటి ఏడాది ఆ కాగితం మీద రాసినదానికంటే ఎక్కువే వచ్చింది. ఊళ్లో ఇంటికి స్లాబు వేశాను. మా తమ్ముడి పెళ్లి చేశాను.

తర్వాత పన్నెండు ట్రిప్పులు పద్నాలుగయ్యాయి, పదహారయ్యాయి. ట్రిప్పులు పెరిగేకొద్దీ ఇన్సెంటివ్ తగ్గింది. పదిహేనో ట్రిప్పు దాకా గంటకు రెండు బుకింగ్‌లు వచ్చేవి, పదహారో దాని కోసం గంటన్నర కూచునేవాణ్ణి. అది కావాలని చేశారో, నిజంగానే గిరాకీ లేదో నేను చెప్పలేను. చాచా బుక్కులో నా పైన ఎందరున్నారో వేలు పెట్టి లెక్కపెట్టుకునేవాణ్ణి. ఫోన్‌లో నా ముందు ఎవరున్నారో నాకు కనిపించదు.

ఒక రాత్రి గచ్చిబౌలిలో ఒక సార్‌ను ఎక్కించుకున్నాను. హయత్‌నగర్ డ్రాప్, 41 కిలోమీటర్లు. దిగేటప్పుడు ఆయన ఫోన్ చూసుకుంటూ, "తొమ్మిది వందల అయిదు కట్టాను అన్నా, బాగానే గిట్టుబాటవుతుందిగా?" అన్నాడు. నా ఫోన్ ఆయనకు చూపించాను. 588. ఆయన రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశాడు. తానే ఏదో తప్పు చేసినట్టు జేబులోంచి వంద తీసి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. ఆయన తీసేసుకున్న డబ్బు కాదు కదా అది.

ఆ ట్రిప్పు లెక్క చెప్తాను. పికప్‌కు 4 కిలోమీటర్లు ఖాళీ, ట్రిప్పు 41, అక్కడి నుంచి ఇంటికి 14 ఖాళీ. మొత్తం 59. నా బండి లీటరుకు 18 ఇస్తుంది. అప్పటికి లీటరు డీజిల్ 95 దాటింది. మూడు లీటర్ల పైమాట, అంటే 310 రూపాయల దాకా నూనెకే పోయింది. మిగిలిన 270 పైచిలుకులో ఇన్సూరెన్స్ ఉంది, టైర్లు ఉన్నాయి. అన్నీ పోగా మిగిలింది నా రెండు గంటలకు కూలి.

2022 ఎండాకాలంలో డ్రైవర్లం ఏసీ వేయం అన్నది ఈ లెక్క వల్లనే. ఆ రోజుల్లో రోజూ పోట్లాటే. వెనక కూచున్నవాళ్లు "డబ్బు కట్టాం కదా" అనేవాళ్లు. వాళ్లు కట్టింది నిజమే, నాకు అందనిదీ నిజమే. ఇద్దరం ఒకే బండిలో చెమటలు కక్కుతూ ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. రేటు పెట్టినవాడు ఆ బండిలో లేడు.

ఇంకొకటి చెప్పాలి. ఒకసారి ఎవరో కస్టమర్ కంప్లయింట్ ఇచ్చారని నా ఐడీ బ్లాక్ చేశారు. ఎవరు, ఏ ట్రిప్పు, ఏం చేశాను, ఏదీ రాయలేదు. ఆఫీసుకు పోయి టోకెన్ తీసుకుని కూచున్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి మా చెల్లెలి వయసుంటుంది. "నాకు కూడా కనిపించదు అన్నా, సిస్టమ్‌లో ఇంతే వస్తుంది" అంది. అబద్ధం చెప్తున్నట్టు లేదు. నాలుగో రోజు ఐడీ దానంతటదే తెరుచుకుంది. ఆ నాలుగు రోజుల కిస్తీ ఎవరు కడతారని అడగడానికి మనిషే లేడు.

నా బండి మీద సర్కారుకు ఎంత లెక్క ఉందో చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్. బ్రేకు, హారను, వైపరు, అన్నీ చూస్తారు. చూడాలి కూడా, జనం ప్రాణాలు ఎక్కే బండి అది. కానీ ఆ బండి ఎంతకు తిరగాలో మాత్రం ఎవరూ చూడరు. 1988 మోటారు వాహనాల చట్టంలో 67వ సెక్షన్ కిరాయిలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారాన్ని ఒకసారి వాడి తర్వాత మర్చిపోతే ఏమవుతుందో మా తమ్ముణ్ణి అడిగితే చెబుతాడు. వాడు ఆటో నడుపుతాడు. హైదరాబాద్‌లో ఆటో రేటు 2014లో పెంచారు. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. పదేళ్ల తర్వాత కూడా అదే రేటు. డీజిల్, పెట్రోల్ ధరలు 2017 జూన్ నుంచి రోజువారీ పద్ధతిలోకి వెళ్లాయి, మీటరు రేటు మాత్రం ఏళ్ల తరబడి కదల్లేదు. అందుకే ఎవరూ మీటరు వేయరు, అందుకే బేరం, అందుకే తగువు, అందుకే జనం యాప్ తెరిచారు. పాత నియమం మీద దుమ్ము పేరుకుని కొత్త వ్యాపారానికి దారి పడింది. డ్రైవర్లను తిట్టేవాళ్లు ఇది ఆలోచించరు.

కొత్త నియమాలూ వచ్చాయి. 2019లో చట్టాన్ని సవరించి యాప్ కంపెనీలకు అగ్రిగేటర్ అని పేరు పెట్టి లైసెన్సు ఉండాలన్నారు. 2020 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం ఇవ్వాలి, రద్దీ వేళ రేటు బేస్ ఫేర్‌కు ఒకటిన్నర రెట్లు మించకూడదు, గిరాకీ లేనప్పుడు సగానికి తగ్గకూడదు, రోజుకు పన్నెండు గంటలకు మించి లాగిన్ కూడదు. 2025 జులైలో వాటిని తిరగరాసి రద్దీ రేటును రెండు రెట్ల దాకా పెంచుకోనిచ్చారు. చదివితే బాగుంటాయి. యూనియన్ మీటింగ్‌లో ఒక కుర్రాడు ఇవి చదివి వినిపించినప్పుడు నేను లేచి ఒకటే అడిగాను. ఎనభై శాతం అంటున్నారు, దేంట్లో? సగానికి తగ్గకూడదంటున్నారు, దేంట్లో సగం? బేస్ ఫేర్ ఇంత అని రాష్ట్రం గట్టిగా రాసి, దాన్ని ఏటా తిరగరాస్తేనే ఈ శాతాలకు అర్థం. ఆ ఒక్క అంకె లేకపోతే మిగతా పేజీలన్నీ గాలిలో కట్టిన గోడలే.

అది రాయలేనిదేమీ కాదు. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక యాప్ క్యాబ్‌లకూ మామూలు టాక్సీలకూ కలిపి ఒకే రేటు నోటిఫై చేసింది. పది లక్షల లోపు ధర ఉన్న బండికి మొదటి 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 24. నా గచ్చిబౌలి ట్రిప్పును ఆ లెక్కన వేసి చూశాను. 988 వస్తుంది. అందులో ఎనభై శాతం 790. ఆ సార్ కట్టేది ఎనభై రూపాయలు పెరిగేది, నాకు వచ్చేది రెండు వందలు పెరిగేది. ఆ సార్‌నే అడిగినా ఒప్పుకునేవాడని నా నమ్మకం.

పన్నెండు గంటల నియమం గురించి కూడా నిజం చెప్పాలి. ఒక యాప్ పన్నెండు గంటలకు ఆపేస్తే రెండోది తెరిచి కూచున్న రోజులు నాకున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద తెల్లవారుజామున కన్ను మూతపడి, గీతల మీద టైరు చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. వెనక సీట్లో ఒకామె నిద్రపోతోంది. ఆ రోజు నుంచి రాత్రి పన్నెండు తర్వాత బుకింగ్ తీసుకోవడం మానేశాను. మానేయడం నా చేతనయింది, ఎందుకంటే కిస్తీలు అయిపోయాయి. కిస్తీ ఉన్నవాణ్ణి మానేయమని నియమం ఒక్కటే చెబితే సరిపోదు.

తెలంగాణలో గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా 2023 చివర్లో ప్రకటించారు. అది మంచిదే. కానీ నేను చనిపోతే వచ్చే డబ్బు ఎంతో నాకు తెలుసు, రేపు పొద్దున కిలోమీటరుకు వచ్చేది ఎంతో తెలియదు.

ఇప్పుడు నేనూ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను, డ్యాష్‌బోర్డు అరలో. నిలువుగా అయిదు గళ్లు. తేదీ, ఎక్కింది దిగింది, ఖాళీ కిలోమీటర్లు, నాకు వచ్చింది, కస్టమర్ కట్టింది. యూనియన్‌లో ఇంకో తొమ్మిది మంది నన్ను చూసి రాస్తున్నారు. రవాణా శాఖ వాళ్లు అడిగిన రోజు నోటిమాటగా కాకుండా కాగితం ముందు పెట్టాలని మా ఆలోచన. చివరి గడి నింపడమే కష్టం. "మేడమ్, ఎంత చూపించిందో చెప్తారా, రాసుకుంటాను" అంటే కొందరు అనుమానంగా చూస్తారు, కొందరు ఫోన్ తిప్పి చూపిస్తారు. సగానికి సగం గళ్లు ఖాళీగానే ఉన్నాయి. నిన్న సాయంత్రం ఉప్పల్‌లో దిగిన ఒక పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, ఆ పెన్ను ఇటివ్వు నాయనా అని, తానే అంకె రాసి కింద సంతకం కూడా పెట్టింది.