రెండు అంటే మీదికా, కిందికా?

తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు రాయడం రైల్వేలో రిటైరయ్యాక నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

అంజూర్ ఫాటాలో మా మేనల్లుడు సాంచాలకి ఒక పెట్టె తయారుచేశాడు. పడుగు పోగు తెగితే దాని మీద వేలాడే సన్నటి ఇనుప రేకు కిందపడి కరెంటు కలుపుతుంది. పెట్టెలోని రాస్ప్‌బెర్రీ పై బోర్డు అది చూసి బజర్ మోగిస్తుంది. మూడో మోడల్ బోర్డుతో బాగానే నడిచింది. నాలుగో మోడల్ పెట్టిన రోజు నుంచి పోగు తెగకపోయినా మోతే. విసుగెత్తి కారిగర్ బజర్ వైరు పీకేశాడు. ఆ రాత్రి నిజంగానే పోగులు తెగాయి. తెల్లారి చూస్తే తాకా పొడుగునా గీత. కూలిలో కోత అతనికే పడింది. తప్పు పెట్టెది, డబ్బు అతనిది!

"ఒరే, కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాను.

చిప్ పిన్ను ఊరికే వదిలేస్తే అటూ ఇటూ ఊగుతుందట. అందుకే లోపల ఒక రెసిస్టర్ దాన్ని మీదికి, అంటే ఒకటికి, లేదా కిందికి, అంటే సున్నాకి, లాగి ఉంచుతుంది. రేకు పడితే సున్నా రావాలి కాబట్టి ఇక్కడ మీదికి లాగాలి. మావాడు తన డ్రైవర్‌లో నేరుగా చిప్ రిజిస్టర్‌లోకే 2 రాశాడు. పాత చిప్‌లో 1 కిందికి, 2 మీదికి. కొత్త బీసీఎం2711లో 1 మీదికి, 2 కిందికి. రిజిస్టర్ చిరునామా మార్చాడు, అంకె మార్చలేదు. నాకు వెంటనే అర్థమైంది. తమిళంలో ఒకే అక్షరం చోటును బట్టి 'క' అవుతుంది, 'గ' అవుతుంది. చోటు చూడకుండా చదివితే ఇంతే.

2 తీసి 1 పెడితే సరిపోయేదే. కానీ రేపు ఇంకో బోర్డు వస్తే? ఆ వరుసే తీసేయించాను. ఇప్పుడు డివైస్ ట్రీలో ఆ పిన్నుకి 'మీదికి లాగు' అని మాత్రం ఉంది. ఏ చిప్‌కి ఏ అంకె అన్నది లినక్స్ కెర్నెల్‌లోని పిన్‌కంట్రోల్ డ్రైవర్ చూసుకుంటుంది. కోతపడ్డ డబ్బు మావాడి చేతే కారిగర్‌కి ఇప్పించాను.

ఇంకో మాట అడిగాను. "రైల్వేలో ట్రాక్ సర్క్యూట్ వైరు తెగితే సిగ్నల్ ఎర్రగా అవుతుంది. నీ వైరు తెగితే?" పిన్ను మీదే ఉంటుంది, అంతా బాగుందనే చెబుతుంది! మామా, ఆలోచిస్తాను అన్నాడు. అందాకా షిఫ్టు మొదట్లో ఒక రేకు చేత్తో కింద పడేసి బజర్ వినమని కారిగర్లకి చెప్పాను.