ఒక అడుగు వెనక్కి

థర్డ్ సెమ్ ల్యాబ్ ఎగ్జామ్స్ అయిపోయిన శనివారం మా బ్యాచ్ ఆరుగురం హైదరాబాద్‌లో గొడ్డలి విసిరే చోటుకి వెళ్లాం. మీరు చదివింది కరెక్టే. డబ్బులిచ్చి గొడ్డలి విసరడమే. కౌంటర్ దగ్గర "తలకి ఆరు వందలు" అన్నప్పుడు ఆ 'తలకి' అనే మాటకి కొంచెం భయమేసింది.

లోపల చెక్క పలకలు, వాటి మీద గుండ్రటి గీతలు, లేన్‌కీ లేన్‌కీ మధ్య ఇనుప జాలీ. ఈ ఆట 2006లో కెనడాలోని టొరంటోలో ఒక పెరట్లో స్నేహితుల సరదాగా మొదలైందట. 2017కల్లా దీనికి వరల్డ్ లీగ్ కూడా వచ్చేసింది.

కోచ్‌కి మా వయసే ఉంటుంది. ముందు మా కాళ్లు చూశాడు. చెప్పులతో వచ్చిన మా రూమ్మేట్‌కి బూట్లు ఇప్పించాడు. తర్వాత రూల్స్. గీత దాటకూడదు. గొడ్డలి చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. పక్కపక్క పలకలకి విసిరే ఇద్దరూ విసిరాకే, కలిసి వెళ్లి తెచ్చుకోవాలి. "విసిరే ముందు చుట్టూ ఎవరున్నారో చూడు బ్రో. మిగతావన్నీ తర్వాత" అన్నాడు.

పలకకి దాదాపు 12 అడుగుల దూరం. గొడ్డలిని రెండు చేతులతో పట్టుకుని, తల వెనక్కి తీసుకెళ్లి, చేతులు ముందుకి చాచి వదిలేయాలి. అది గాలిలో సరిగ్గా ఒక్క చుట్టు తిరిగి గుచ్చుకోవాలి. నావి మొదటి ఏడూ ఠంగున తగిలి కింద పడ్డాయి. మా రూమ్మేట్‌కి రెండోదే గుచ్చుకుంది, రీల్ కూడా తీసేశాడు. నేను ఇంకా గట్టిగా విసిరా. ఇంకా గట్టిగా పడింది.

కోచ్ ఆపాడు. "బలం వద్దు బ్రో. ఏ వైపు తగులుతుందో చూశావా?"

చూడలేదు. కట్టె కింది కొస ముందు తగులుతోంది. అంటే చుట్టు పూర్తవకముందే పలక వచ్చేస్తోంది.

"ఒక అడుగు వెనక్కి."

అంతే. రాత్రంతా డీబగ్ చేసిన కోడ్‌లో లూప్ ఒక్కసారి తక్కువ తిరుగుతోందని పొద్దున తెలిసినట్టు అనిపించింది. ఒక అడుగు వెనక్కి వేసి వదిలా. ఈసారి ఠంగ్ కాదు, థక్. సెంటర్‌లో కాదు, ఎక్కడో మూల. కానీ గుచ్చుకుంది. అందరూ అరుస్తున్నారు. నేను మాత్రం ఆ చప్పుడు దగ్గరే ఆగిపోయా. అది నాకు తెలిసిన చప్పుడు.

పోయిన సంక్రాంతికి మార్కాపురం దగ్గర మా ఊళ్లో ఉన్నాం. భోగికి ముందు రోజు తాతయ్య "రెండు మొద్దులు చీల్చిపెడతావా రా?" అని అడిగాడు. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "నాకు రాదు తాతయ్యా" అన్నా. "నేర్పిస్తా రా" అన్నాడు. "తర్వాత" అన్నా. గదిలో పడుకుని విన్నా. థక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ థక్. ఆ గ్యాప్‌లో డెబ్బై నాలుగేళ్ల మనిషి కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నాడని నాకు తెలుసు. అయినా లేవలేదు.

ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశా.

"తాతయ్యా, ఈరోజు గొడ్డలి విసరడం నేర్చుకున్నా."

"ఎవరి మీదరా?"

అంతా చెప్పా. నాకు సగం మాటలు ఇంగ్లీషులోనే వస్తాయి, ఆయనకి సగం వినపడదు. అయినా మొదట అడిగింది ఒకటే. "పక్కన ఎవురూ లేరు గదా?" తర్వాత రేటు అడిగాడు. చెప్పా. "ఆరు నూర్లా! ఈడికొస్తే నేనే ఇచ్చేవాణ్ణి గదరా" అని నవ్వాడు.

గొడ్డలికి ఆ కట్టెని ఏమంటారని అడిగా. "కామ. మనది తుమ్మ కామ" అన్నాడు. పంతొమ్మిదేళ్లకి ఆ మాట తెలిసింది.

సారీ చెప్దామనుకున్నా. ఫ్రెండ్స్‌తో రోజుకి పదిసార్లు అనే మాట, ఆయన దగ్గర నోట్లోంచి రాలేదు. "వచ్చే భోగికి మొద్దులు నేను చీలుస్తా తాతయ్యా" అన్నా.

అటువైపు కాసేపు మాట లేదు. ఆయనకి ఏ భోగి గుర్తొచ్చిందో నాకు అర్థమైంది.

"అది ఇసిరేది కాదురా, కొట్టేది. మళ్లీ మొదట్నించి నేర్చుకోవాల."

"నేర్పు."

"సరే. బూట్లు ఏసుకుని రా."