నా సొంత నందులు

2018 తెలుగు సినిమాలకు నేనిచ్చే బహుమతులివి. జ్ఞాపికలుండవు, ప్రేమ మాత్రం బోలెడు.

ఉత్తమ చెవులు 'రంగస్థలం'వి. చిట్టిబాబుకు సరిగ్గా వినపడదు. ఆ సినిమాకే శబ్ద మిశ్రమానికి జాతీయ పురస్కారం వచ్చింది! చెవిటితనాన్ని నవ్వులాటగా వాడుకునే మన తెర మీద, అతనికి వినపడని మాట మీదే కథ నడిపిన సుకుమార్‌కు దండం పెట్టాలి.

ఉత్తమ పెళ్లిచూపులు 'చి.ల.సౌ.'వి. ఒక్క రాత్రిలో ఇద్దరు మనుషులు నిజంగా మాట్లాడుకున్నారు. కాఫీ కప్పుల వెనక తలలు దించుకోవడం తప్ప ఎరగని మన చూపుల సీన్లకు అదొక పాఠం.

ఉత్తమ నలుగురు మిత్రులు 'ఈ నగరానికి ఏమైంది' కుర్రాళ్లు. దీనికి పోటీయే లేదు.

'మహానటి'కి నేను కొత్తగా ఇచ్చేదేముంది? కీర్తి సురేశ్‌కు దేశమే ఇచ్చేసింది.

ఉత్తమ బ్రహ్మచారి మాత్రం 'కేరాఫ్ కంచరపాలెం' రాజుగారు. వయసు నలభై తొమ్మిది, ఉద్యోగం అటెండరు. ఆయన పెళ్లి ఆయనకన్నా ఊరికే పెద్ద బెంగ. వెంకటేశ్ మహా ఆ విశాఖ పేటలో వాళ్లనే నటులను చేశాడు. నటన నేర్వని ఆ ముఖాల్లో మా వీధి కనిపించింది, మా యాస వినిపించింది. చివరికొచ్చేసరికి కళ్లు తడిశాయి. ఆ ఏడాది ఉత్తమ చిత్రం నా లెక్కలో అదే.

చూడనివాళ్లు ఈ ఆదివారమే చూడండి. ముగింపు మాత్రం ఎవరికీ చెప్పకండి.