కార్పెట్టు క్రింది నేల

పాత కారుకు లోపలి కార్పెట్లు, తలుపుల అట్టలు, సీట్ల తొడుగులు మార్చడమంటే ఇంటికి కొత్త కర్టెన్లు వేయడం వంటి పనియేనని చాలామంది భావిస్తారు. రంగు ఎంచుకోవడం, కొలతలు ఇవ్వడం, రెండు రోజులాగి కారు తెచ్చుకోవడం. 2024లో మా ఇంటి అంబాసిడరుకు ఆ పని చేయించిన పిదప మాకు తోచినది వేరు. కార్పెట్టు మార్చడం అలంకరణ కాదు, తనిఖీ. ఏళ్ళ తరబడి కంటికి కనబడని నేలను చూసే అవకాశం అప్పుడే లభిస్తుంది. ఆ అనుభవాన్ని సహోద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అంబాసిడరు పుట్టుపూర్వోత్తరాలు పెద్దలకు తెలిసినవే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర దీని తయారీ ప్రారంభించారు. 2014 మే నెలలో ఆ తయారీ నిలిచిపోయింది. మా కారు 1972 నాటి మార్క్-2. విజయనగరంలో వైద్యవృత్తిలో ఉండిన మా నాన్నగారు పేరు నమోదు చేయించుకొని, ఏళ్ళ తరబడి వేచి ఉండి సంపాదించినది. ముందు భాగాన ఒకే పొడుగాటి సీటు, స్టీరింగు క్రిందనే గేరు కడ్డీ. మా బాల్యమంతా ఆ కారు వెనుక సీటులోనే గడిచిందంటే అతిశయోక్తి కాదు. ఇప్పుడది విశాఖపట్నంలో మా క్వార్టరు ముందు ఉంటున్నది.

ఈ కారు నిర్మాణంలోని ఒక విశేషాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. లారీకి, జీపుకు ఉన్నట్లు దీనికి వేరుగా చాసిస్ ఉండదు. నేల రేకు, ప్రక్క పట్టీలు, తలుపుల నడుమ స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకే పెట్టె ఇది. బరువును మోసేది ఆ పెట్టెయే. కనుక నేల రేకు కేవలం కాళ్ళు పెట్టుకొనే పలక కాదు. సీట్ల బోల్టులు బిగిసేది దానికే. గతుకుల మీద కారు మెలి తిరగకుండా ఆపడంలో దాని పాత్ర ఎంతో ఉన్నది. ఆ రేకు పుచ్చితే పైకి నిగనిగలాడే కారు కూడా లోలోపల బలహీనమైనదే.

మా అమ్మగారికి 2024 ఏప్రిల్‌లో ఎనభై ఏళ్ళు నిండాయి. కారు కొన్న కొత్తలో నాన్నగారు తొలిసారి తీసుకువెళ్ళినది సింహాచలం కొండకు. పుట్టినరోజున అదే కారులో మళ్ళీ స్వామి దర్శనానికి వెళ్ళాలని ఆమె కోరిక. లోపల చూస్తే కార్పెట్లు నలిగి చీలికలయ్యాయి. తలుపుల అట్టలు ఉబ్బి రెక్సిన్ ఊడిపోతున్నది. వానాకాలంలో తడి గోనెసంచి వాసన. కొత్తవి వేయించి పెద్దావిడను గౌరవంగా కూర్చోబెట్టాలని ఫిబ్రవరి నెలలో కారును గాజువాక ఆటోనగరులోని సీట్ల మేస్త్రికి అప్పగించాము.

సీట్లు దించి కార్పెట్లు ఎత్తగా, ఒకదాని క్రింద ఒకటి మూడు పొరలు బయటపడ్డాయి. పైన కార్పెట్టు, దాని క్రింద నీరు పీల్చి బరువెక్కిన జనపనార పరుపు, అడుగున నల్లటి తారు రేకు. వెనుక సీటు క్రింద అల్యూమినియం పైసలు, ఒక తలపిన్ను, మా అక్కయ్యగారి పలక బలపం ముక్క దొరికాయి. అవి చూచి నవ్వుకున్నాము. తారు రేకు ఒలిచాక నవ్వు ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళ క్రితం ఎవరో మరమ్మతుదారు పుచ్చిన చోట పల్చని డబ్బా రేకు పరచి, రివెట్లు కొట్టి, పైన తారు పూసి వదిలివేశాడు. ఆ మూత క్రింద అసలు రేకు చేతితో నలిపితే పొడి అయ్యేటట్లు ఉన్నది. డ్రైవరు వైపు సీటు బోల్టులలో ఒకటి స్పానరు పెట్టగానే చుట్టూ ఉన్న రేకుతో సహా ఊడి వచ్చింది.

నీరు ఎక్కడినుండి వచ్చిందన్నది ఇంజనీరుకు ముందు తోచవలసిన ప్రశ్న. తలుపు అద్దం మీద పడిన వాన అద్దం వెంట తలుపు లోపలికి జారడం సహజమే. అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా అది బయటకు పోవాలి. ఆ రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోతే నీరు తలుపులోనే నిలుస్తుంది. తలుపు అట్ట వెనుక ఉండవలసిన పాలిథిన్ కాగితం చినిగితే ఆ తడి అట్టను ఉబ్బించి, అక్కడి నుండి నేలకు దిగుతుంది. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు గట్టిపడి బీటలిస్తే అది మరొక దారి. దిగిన నీటిని జనపనార పీల్చి పట్టి ఉంచుతుంది. మన సముద్రపు గాలిలోని ఉప్పు తోడైతే ఇక చెప్పనక్కరలేదు. రంగు వేసిన రేకు ఆరుబయట తడిసి ఆరితే కొంతకాలం నిలుస్తుంది. ఎన్నటికీ ఆరని పరుపు క్రింద ఉంటే నిలువదు.

కర్మాగారంలో పనిచేసే మిత్రులకు ఇది కొత్త సంగతి కాదు. గొట్టాలకు చుట్టిన లాగింగు క్రింద జరిగేది ఇదే. పైన అల్యూమినియం క్లాడింగు తళతళలాడుతూ ఉంటుంది. ఎక్కడో ఒక అతుకు వద్ద వాన నీరు లోనికి దిగుతుంది. రాతి ఉన్ని దానిని పట్టి ఉంచుతుంది. గొట్టం చిల్లి పడే దాకా ఎవరికీ తెలియదు. రక్షణ కోసం చుట్టిన పొరయే ప్రమాదాన్ని కప్పిపుచ్చుతుంది.

పని కొంచెం సాగదీస్తే పుట్టినరోజు దాటిపోతుందని మేస్త్రికి తెలుసు. అతడు సదుద్దేశంతోనే అన్నాడు: "సార్, ఇంకో రేకు వేసి, పైన కొత్త కార్పెట్టు పరిచేద్దామండి. ఎవరికీ కనబడదు."

"కనబడదనే మా భయం మేస్త్రీ" అన్నాము.

ఇంటిలో చర్చ జరిగింది. కొండ దారిలో మలుపులున్నాయి, దిగేటప్పుడు బ్రేకులు గట్టిగా పట్టవలసి వస్తుంది. పుచ్చిన నేలకు బిగించిన సీటు మీద అమ్మగారిని కూర్చోబెట్టడానికి మా శ్రీమతి ససేమిరా అన్నది. మా అబ్బాయి మొత్తం నేల రేకునంతా కోసి కొత్తది వేయించమన్నాడు. అయితే 50 ఏళ్ళు దాటిన వాహనాల నమోదు గురించి 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బాడీ షెల్లులోను, ఇంజనులోను పెద్ద మార్పులు లేకుండా వాహనం అసలు రూపంలో ఉండాలి. కనుక పుచ్చినంత మేరకే తీసి, అదే ఆకారంలో పూరించడం మేలని నిర్ణయించాము. ఆలస్యమవుతుందని అమ్మగారికి చెప్పడానికి జంకుతుంటే, ఆవిడే తేల్చివేశారు: "కొండ ఎక్కడికీ పోదు నాయనా. ముందు నేల గట్టి చేయించు." పుట్టినరోజున అద్దె కారులో దర్శనం చేసుకున్నాము.

టింకరింగ్ పని మొదలయ్యే ముందు మేము ఒక షరతు పెట్టాము. కర్మాగారంలో హాట్ వర్క్ పర్మిట్ లేనిదే నిప్పు ముట్టించము గదా! పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టడం, బ్యాటరీ తీసివేయడం, పరుపులు, అట్టలు అన్నీ బయట పెట్టడం, అగ్నిమాపక సిలిండరు చేతికి అందేటట్లు ఉంచడం. ఇవి పూర్తయ్యాకే వెల్డింగు. మొదట కొంత నవ్విన పనివారు, ట్యాంకు దించాక దానిలోని పెట్రోలు వాసన చూచి తామే మరికొంత దూరం జరిపారు.

చిన్న సుత్తితో తట్టుతూ, స్క్రూడ్రైవరు మొనతో పొడుస్తూ మంచి రేకు ఎక్కడ మొదలవుతుందో సుద్దముక్కతో గీతలు గీశాము. కారును చదునైన చోట దిమ్మెల మీద నిలిపి, ఒక్కసారి ఒక్క ముక్కనే కోయించాము. ప్రతి ముక్క అతికిన పిమ్మట తలుపులు మూసి సందు సమంగా ఉన్నదో లేదో చూచాము. సందు మారితే పెట్టె మెలి తిరిగిందన్నమాట. 18 గేజి రేకును మూలలు గుండ్రంగా కత్తిరించి, వేడికి వంకర పోకుండా అక్కడక్కడ చిన్న చిన్న టాకాలు వేస్తూ పూర్తి చేశారు. సీటు బోల్టుల చోట అడుగున అదనపు పలక వేయించాము. ఆపై జింకు ప్రైమరు, అతుకులకు సీలెంటు, చివరకు రంగు.

ఆ తరువాత కూడా కార్పెట్టు వేయలేదు. ముందు నీటి పరీక్ష. తలుపుల రంధ్రాలు శుభ్రం చేసి, కొత్త బీడింగు, కొత్త పాలిథిన్ కాగితం అమర్చాక, లోపల పాత వార్తాపత్రికలు పరచి, బయటి నుండి నీరు చల్లించాము. క్రింది నుండి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. అప్పుడే ఏ ఎత్తున నీరు దిగుతున్నదో తెలుస్తుంది. మొదటి రోజు ముందు అద్దం ఎడమ మూల క్రింద కాగితం తడిసింది. బీడింగు సరిచేశాక మూడవ రోజుకు పొడిగా నిలిచింది.

ఇక కార్పెట్ల పని నాలుగు రోజులే. పాత ముక్కలు సాగి, కుంచించుకుపోయి ఉన్నందున వాటిని గుర్తుగా మాత్రమే ఉంచుకొని, కాగితం మీద కొత్త కొలతలు తీసి కత్తిరించారు. మధ్యనున్న ఎత్తుగడ్డ మీద ముందు పరచి, తరువాత ఇరుప్రక్కలా వేశారు. పెడళ్ళ వద్ద మాత్రం మేమే కూర్చున్నాము. అక్కడ కార్పెట్టు మడత పడరాదు, దళసరిగా ఉండరాదు. బ్రేకు పెడలు పూర్తిగా క్రిందికి దిగాలి, యాక్సిలరేటరు తిరిగి పైకి రావాలి. జనపనార బదులు నీరు పీల్చని పరుపు వేసి, దానిని అంటించకుండా వదిలించాము. ఏడాదికొకసారి ఎత్తి చూడడానికి వీలుగా! తలుపు అట్టలు కొత్తవైనా, నాన్నగారి చేతి ఒరపిడికి మెరుపెక్కిన పిడులు పాతవే బిగించాము.

జూన్ నెలాఖరులో, రెండు మంచి వానలు తట్టుకున్నాక, అమ్మగారిని కొండకు తీసుకువెళ్ళాము.

పాత కారు లేనివారికి కూడా ఇందులో పనికివచ్చేది కొంత ఉన్నదని మా నమ్మకం. కొత్త కారులోనైనా ముక్క వాసన వచ్చినా, ఉదయాన అద్దాల లోపలివైపు చెమ్మ పట్టినా సువాసన సీసా కొనడానికి ముందు కార్పెట్టు అంచు ఎత్తి చేయి పెట్టి చూడండి. వానాకాలానికి ముందు తలుపుల అడుగు రంధ్రాలు పుల్లతో శుభ్రం చేయండి. దానికి అయిదు నిమిషాలు పడుతుంది, పైసా ఖర్చు లేదు. ఎవరైనా మరమ్మతు చేసి "ఇక కనబడదు" అంటే, కప్పివేయక ముందు ఒకసారి చూపించమని అడగండి.